రాణిగారి పెరటి గుమ్మడి పాదు

వెనకటికి మేఘపురి అనే రాజ్యంలో ఒక రాజు, ఒక రాణి. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. ఊఁ కొట్టండర్రా! ఊఁ కొట్టకపోతే నేను చెప్పనంతే.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడొచ్చి రాణిని గుమ్మడికాయ అడిగాడు. "దిష్టి తీయడానికి దాచుకున్నా నాయనా, ఇవ్వను" అందావిడ. వాడికి ఒళ్ళు మండింది. "ఇక నీ పెరటి గుమ్మడి తప్ప ఏ తిండీ నీ గొంతు దిగదు. అదీ నేను కాయనిస్తేగా!" అని శపించి, ఆ కాయతో సహా మాయమైపోయాడు.

ఇంకేముంది! అన్నం పెడితే కక్కేస్తుంది, పాలు పోస్తే కక్కేస్తుంది. మంచినీళ్ళ మీదే ఉండి చిక్కి శల్యమైపోయింది తల్లి. రాజ్యంలో గుమ్మడి గింజలన్నీ పుచ్చిపోయాయి. వెతగ్గా వెతగ్గా మూడే దొరికాయి.

పెద్దవాడు ఒకటి నాటాడు. ఎర్ర పెంకు పురుగులొచ్చి ఆకుల్ని జల్లెడ చేశాయి. వాడు కత్తి దూశాడు. కత్తికి పురుగులు చస్తాయా? తీగే తెగింది. రెండోవాడు ఇంకోటి నాటాడు. పిందెని ఈగ పొడిచింది, లోపలంతా పురుగు పట్టి కుళ్ళిపోయింది. "ఎవరో పిందెకి వేలు చూపించారు!" అని తోటవాళ్ళందర్నీ వెళ్ళగొట్టాడు ఆ మహానుభావుడు.

మూడోవాడు మణిధరుడు. ఆఖరి గింజ నాటి, పురుగు రాకుండా, దిష్టి తగలకుండా పాదు మీద తల్లి చీర కప్పాడు. తీగ పాకింది, పూలు పూసింది. పిందె పసుపెక్కి రాలింది. మర్నాడు ఇంకోటి రాలింది. ఆ మర్నాడు మరోటి. దిష్టేననుకుని ఇంకో చీర కప్పాడు, పిచ్చి సన్నాసి! చివరికి ఒక్క ఆడమొగ్గ మిగిలింది.

"ఇక చాలు నాయనా. ఆనాడు ఒక్క కాయ ఇస్తే నా సొమ్మేం పోయేది?" అంది రాణి నీరసంగా. వాడు పాదు దగ్గరికొచ్చి బావురుమన్నాడు.

గోడ అవతలి నుంచి తోటమాలి కూతురు పైడి తొంగిచూసింది. "దొరా, చీర కప్పితే పురుగు రాదు, నిజమే. తేనెటీగ మాత్రం ఎలా వస్తుంది? మగపువ్వు పుప్పొడి అంటకుండా పిందె ఎలా నిలుస్తుంది?"

"ముందే చెప్పొచ్చుగా!"

"మమ్మల్ని పెరట్లోకి రానిచ్చిందెవరు? మీ అన్నగారు తరిమేశారుగా!"

పొద్దున్నే ఆడపువ్వు విచ్చగానే మణిధరుడు చీరలు తీసేసి, మగపువ్వు రేకులు తుంచి, లోపలి పుప్పొడిని దానికి అద్దాడు. పైడి ఆకుల మీద బూడిద చల్లింది. పిందె నిలిచింది! కానీ పెద్ద ఎర్ర పురుగొకటి బూడిదనీ లెక్కచెయ్యకుండా వచ్చి వాలింది. కొట్టబోతే ఎగిరిపోతుంది, మళ్ళీ వస్తుంది.

అంతలో పాదు కింద నుంచి ఒక కప్ప మాట్లాడింది. "రాకుమారా, కరాళుడి ప్రాణం దాన్లోనే ఉంది. చిలకలో దాస్తే ఏడు సముద్రాలు దాటైనా పట్టుకుంటావని నీ పెరట్లోనే దాచాడు. తెల్లారేసరికి మంచుకి దాని రెక్కలు మొద్దుబారతాయి. అప్పుడు పట్టు."

మొదటి రోజు తప్పించుకుంది. రెండో రోజూ తప్పించుకుంది. మూడో రోజు చిక్కింది, గోటితో నలిపేశాడు. ఎక్కడో కొండగుహలో కరాళుడు కెవ్వుమని కూలిపోయాడు.

వాడు చచ్చాడు గానీ శాపం చావలేదు. కాయ ఎదగాలి. రాణికి కళ్ళు తెరిచే ఓపిక కూడా లేదు. కొడుకు రోజుకి నాలుగుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేవాడు. ఎన్ని రోజులు ఏడ్చాడో లెక్కలేదు.

చివరికి కాయ కోసి, ముక్కలు ఉడకబెట్టి, మెత్తగా మెదిపి చెంచాతో నోట్లో పెట్టాడు. గొంతు కదల్లేదు. కాసేపటికి గుటక పడింది.

"ఉప్పు వెయ్యలేదేంరా, వెధవా?" అంది తల్లి.

మణిధరుడు నవ్వలేక, ఏడవలేక ఆవిడ కాళ్ళ మీద పడిపోయాడు.

తర్వాత పైడిని పెళ్ళాడి, నిండా అరవై ఏళ్ళు రాజ్యమేలాడు. తెల్లారితే చాలు, మహారాజూ మహారాణీ పెరట్లో వంగి పురుగులేరుతూ ఉండేవాళ్ళు.