వైఫై కాపలా

ఏకాంత సాధనకు అనుమతి ఇమ్మని ముజమ్మిల్ ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాడు. అతని గురువు, సూఫీ పెద్ద బుర్హాన్ షా, ప్రతిసారీ నవ్వి ఊరుకునేవారు.

ఆయన శిష్యులతో కలిసి ఉండే ఖాన్ఖా అనే ఆశ్రమాన్ని ఆనుకుని ఒక ధర్మాసుపత్రి ఉంది. రోగుల రిపోర్టులన్నీ వైఫై మీదే పట్నం డాక్టర్లకు వెళ్తాయి. దాని పాస్‌వర్డ్ ఊరంతటికీ తెలుసు. బయటివాడెవడో అందులో చొరబడి ఒక అమ్మాయి రిపోర్టును ఊళ్లో తిప్పాడు. ఆ పిల్ల మళ్లీ ఆసుపత్రి మొహం చూడలేదు.

ముజమ్మిల్ ఒకప్పుడు నెట్‌వర్క్ ఇంజనీరు. పంతం పట్టాడు. పాత రౌటర్లు పీకేసి, డబ్ల్యూపీఏ-త్రీ అనే కొత్త రక్షణ ఉన్నవి బిగించాడు. రోగుల ఫోన్లకు ఒక దారి, ఆసుపత్రి కంప్యూటర్లకు వేరే దారి. సిబ్బందిలో ఎవరి పాస్‌వర్డ్ వారిదే. వాటన్నిటినీ మార్చగల అసలు పాస్‌వర్డ్ మాత్రం అతనొక్కడికే తెలుసు. పరీక్షించడానికి పట్నం నుంచి వచ్చిన నిపుణులు ఎంత తంటాలుపడ్డా లోపలికి చొరబడలేక, అతని భుజం తట్టి వెళ్లారు.

ఆ సాయంత్రం గురువు ముందు కూర్చున్నాడు. సంబరం దాగడం లేదు.

"ఇక భయం లేదు హజ్రత్. అసలు పాస్‌వర్డ్ కాగితం మీద కూడా పెట్టలేదు. నా బుర్రలోనే ఉంది."

"శభాష్ బేటా!" అన్నారు బుర్హాన్ షా. లేచి, ఏకాంత గది తలుపు తెరిచి, తానే చాప పరిచారు. "ఎన్నాళ్లుగానో అడుగుతున్నావు. వెళ్లు. ఫోన్ ఇలా ఇవ్వు. నేను పిలిచేదాకా ఎవరితోనూ మాట ఉండదు."

ముజమ్మిల్ గబగబా గడప దాకా వెళ్లి, ఆగిపోయాడు. రేపు రౌటర్ మొండికేస్తే? కొత్త డాక్టరు చేరితే?

గురువు చాప చుట్టి గోడకు ఆనించారు.

మర్నాడు ముజమ్మిల్ ఆసుపత్రి నర్సు కుళ్లాయమ్మను రౌటర్ల పని నేర్పుతానని పిలిచాడు.

"ఇదంతా నాకు యాడ వస్తాదన్నా?" అంటూనే ఆమె కూర్చుంది. రోజూ డ్యూటీ దిగాక నేర్చుకుంది. చివరికి తనతో సమానంగా ఆమెకూ అధికారం ఇచ్చేటప్పుడు అతని వేలు కాసేపు కదల్లేదు.

"పాస్‌వర్డ్ పెట్టుకుంటాండా. అట్ల తిరుగు అన్నా. చూడగూడదని నువ్వే చెప్తివి కదా."

ముజమ్మిల్ మొహం తిప్పుకున్నాడు. కొంచెం చివుక్కుమంది కూడా.

వానాకాలంలో పిడుగు పడి ఒక రౌటర్ మాడిపోయింది. అతను పరుగెత్తుకొచ్చేసరికి కుళ్లాయమ్మ స్టూలెక్కి కొత్తది బిగిస్తోంది. ఫోన్‌లో పట్నం డాక్టరు అరుస్తున్నాడు, పాస్‌వర్డూ గీస్‌వర్డూ లేకుండా ముందు రిపోర్టులు పంపించమని.

"కుదరదు సార్. అయిదు నిమిషాలు ఆగండి. మా రోగుల సంగతులు వీధిలో పెట్టం."

ఆమె అతణ్ణి చూడనే లేదు. ముజమ్మిల్ ఛాతీ ఉప్పొంగింది. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాడు.

బుర్హాన్ షా ఏకాంత గది బయట కూర్చుని ఉన్నారు. ముజమ్మిల్ ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"మరి ఆసుపత్రి?"

"కుళ్లాయమ్మ ఉంది హజ్రత్."

గురువు పక్కకు జరిగి దారిచ్చారు.