బిందెడు పాలు, పిడికెడు కోవా

పూర్వం ఒక కోటలో, దండయాత్రకు వెళ్లే సైనికుల కోసం గొల్ల ఓబుళమ్మ కోవా కాచేది. ఒకనాడు దుర్గాధిపతి ఆమెను తన ముందుకు ఈడ్పించాడు.

"బిందెడు పాలు పోయిస్తే పిడికెడు కోవా తెచ్చావేమే? మిగతా పాలు ఎవరు తాగారు? చెప్పకపోతే నీ చేతులు నరికిస్తా!"

భటుడు కత్తి ఎత్తాడు. నీరంతా ఎండితేనే పాలు కోవా అవుతాయని చెప్పినా వినే మనిషి కాడని ఓబుళమ్మకు తెలుసు.

"దొరా, గుర్రానికి అడ్డొచ్చాడని ఎద్దులాంటి నా పెనిమిటిని తమరు చెరలో వేయించారు. నిన్న శవాన్ని చాపలో చుట్టి ఇస్తే చంటిపిల్లాడిలా నేనొక్కదాన్నే ఎత్తుకెళ్లి పూడ్చుకున్నాను. మిగతా మనిషిని ఎవరు తిన్నారో తమరు చెప్పండి. మిగతా పాలు ఎవరు తాగారో అప్పుడు నేను చెబుతాను."

'ఎండిపోయాడు' అనే మాట దుర్గాధిపతి నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, కత్తి దించమని భటుడికి సైగ చేశాడు.