కీబోర్డుకు పడని పెడల్

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా పళ్ళన్నీ ఊడిపోవాలి. ఒట్టు పెట్టకూడదని మా పాస్టరుగారంటారు, ఊడటానికి మిగిలినవీ రెండే. అయినా ఒట్టు ఒట్టే.

మా రేపల్లె చర్చిలో క్వయర్‌కి పాటలు నేర్పిన జ్ఞానరత్నం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా తిన్నగా బదులివ్వరు. అడిగినవాడికే ఏదో ఒక పని చెబుతారు. కోతపండుగ ముందురోజు సాయంత్రం చర్చిలో, నా ఎదుటే, ఆయన శిష్యుడు ప్రభుదాసు అడిగిన ప్రశ్న ఇది: "మాస్టారూ, ఒకదానికొకటి పడనివాటిని ఏం చెయ్యాలి?"

ఆ ప్రశ్న వెనకున్న సంగతి వింటే మీకూ ఒళ్ళు మండుతుంది. మాస్టారి వేళ్ళు వణుకుతున్నాయని క్వయర్‌ని ప్రభుదాసుకి అప్పగించారు. వాడు గుంటూరు వెళ్ళి లారీ అంత కీబోర్డు తెచ్చాడు. పెట్టె విప్పితే కీబోర్డు తప్ప ఇంకేమీ లేదు! నిలబెట్టే స్టాండు ఐచ్ఛికమట. అడాప్టరు ఐచ్ఛికమట. స్వరం సాగడానికి కాలితో తొక్కే పెడల్ కూడా ఐచ్ఛికమేనట. పెళ్ళికొడుకుని పంపించి, కాళ్ళు కావాలంటే విడిగా కొనుక్కోండన్నట్టు లేదూ? ఆ కొట్టువాడు నా కంటపడాలి, చెబుతాను! చివరికి వేరే కంపెనీ పెడల్ దొరికింది. పిన్ను చక్కగా దూరింది గానీ, తొక్కితే స్వరం ఆగిపోతుంది, వదిలితే మోగుతూనే ఉంటుంది. ఆ మోతకి బాపట్ల దాకా గేదెలు పాలివ్వడం మానేశాయి.

అది పోనివ్వండి. "ఐచ్ఛికం" అనే మాట ప్రభుదాసు నాలుకకి అంటుకుంది. మొదటి సాధన రోజునే, డోలక్ వాయించే మా ఏలీయా ఇంకా సంచి మూతి విప్పకముందే, అందరి ముందూ అనేశాడు: "డోలక్ కీబోర్డులోనే ఉంది. ఇకనుంచి నువ్వు ఐచ్ఛికం, ఏలీయా."

ఏలీయా తల్లి కడుపులోనే తాళం వేసినవాడు! వాడి దెబ్బ లేకపోతే మా ముసలాళ్ళలో సగంమంది పల్లవిలో ఉంటాం, సగంమంది ఆమెన్‌లో ఉంటాం. ఆ రోజునుంచి వాడు ఆపమంటే వాయించాడు, వాయించమంటే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పండుగ రెండు రోజులుందనగా "ఇంక ఈ గడప తొక్కను" అని డోలక్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పండుగ పాట వాడు లేకుండా జరిగిపోయిందా, వాడిక జన్మలో రాడు.

"ఈ పెడల్ కీబోర్డుకి పడదు, ఏలీయా నాకు పడడు," అన్నాడు ప్రభుదాసు. "రెండూ వదిలించుకుంటే పీడా పోతుంది కదా మాస్టారూ?"

"నీ నోరు కూడా నీకు పడదు, దాన్నీ వదిలించుకో," అన్నాను నేను.

"నువ్వూరుకో అమ్మమ్మా!"

మాస్టారు ఇద్దర్నీ పట్టించుకోలేదు. "స్విచ్ కట్టేసి మళ్ళీ వెయ్యి," అన్నారు.

ప్రభుదాసు కట్టేశాడు. స్టూలు మీద దర్జాగా సర్దుకుని, కాలు పెడల్ మీద పెట్టి, అప్పుడు స్విచ్ వేశాడు. మళ్ళీ అదే వంకర.

"ఇంకోసారి."

ఇంకోసారీ అంతే. మాస్టారు వంగని ఆ నడుమునే వంచి, ప్రభుదాసు చీలమండ పట్టుకుని, కాలు తీసి పక్కన పెట్టారు. గురువు శిష్యుడి కాలు పట్టుకోవడమా! వాడు ఎగిరిన ఎగురుకి చర్చి కప్పు తగలాల్సింది. "మాస్టారూ, అదేంటండీ!" అన్నాడు. ఆయన తానే స్విచ్ కట్టేసి, మళ్ళీ వేశారు.

"ఇప్పుడు తొక్కు."

తొక్కాడు. స్వరం తేనెలా సాగింది. వదిలాడు. ఆగింది.

"ఇందాకటిదాకా మాట వినలేదే ఇది!"

"అది కళ్ళు తెరిచేసరికే నీ కాలు దాని నెత్తిన ఉంది," అన్నారు మాస్టారు. "తొక్కించుకుని ఉండటమే తన తీరు కాబోలనుకుంది పాపం. ఆ తర్వాత నువ్వేం చేసినా తిరగబడింది."

ప్రభుదాసు పెడల్ వంక చూశాడు. మూలనున్న ఏలీయా ఖాళీ పీట వంక చూశాడు. "మరైతే ఏలీయా..." అని, మిగతాది మింగేశాడు. ఆ మిగతాది నేను చెప్పబోతే మాస్టారు చెయ్యెత్తారు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఆపలేకపోయిన నోరు, ఆ చేతికి ఆగింది.

"ఏలీయా ఇంటికి వెళ్ళు," అన్నారు మాస్టారు. "డోలక్ నువ్వే మోసుకురా. వాడు తలుపు తీసి, రమ్మనేదాకా మాత్రం గడప మీద కాలు పెట్టకు."