దిబ్బకు పడిన గండి

గుల్లలపాలెంలో మసేను అనే కుర్రవాడు ఉండేవాడు. చురుకైనవాడే గాని, ఏ పనికైనా అడ్డదారి దొరికేదాకా అతనికి తోచేది కాదు.

ఆ ఊరికీ సముద్రానికీ మధ్య పెద్ద ఇసుక దిబ్బ ఉండేది. దిబ్బ నిండా బాలబంద తీగ అల్లుకుని ఊదారంగు పూలు పూసేది. దిబ్బకు ఇవతల, ఊరివైపు, మసేను తల్లి కొర్లమ్మ పందిళ్లు వేసి వాటి మీద నెత్తళ్లనే చిన్న చేపలు ఎండబెట్టేది. చుట్టుపక్కల ఇళ్లవాళ్ల పందిళ్లూ అక్కడే ఉండేవి. అవతల గాలి ఎంత హోరుమన్నా దిబ్బ చాటున ఉన్న చేపకు ఇసుక అంటేది కాదు. అందుకే కొర్లమ్మ గంప దించగానే సంతలో జనం మూగేవారు. వేసవిలో అమ్మిన ఆ ఎండు చేపల మీదే ఆ ఇల్లు వానాకాలమంతా గడిచేది.

సెలవు రోజుల్లో పట్నం జనం దిబ్బ చూడటానికి వచ్చేవారు. మసేను ఒక పాత ఆటో కొని, రోడ్డు మీద దిగినవాళ్లను ఎక్కించుకుని వచ్చి దిబ్బ చూపించేవాడు. పైకి వెళ్లాలంటే సరుగుడు తోట చుట్టూ తిరిగి, ఊరివాళ్లు తాటిదుంగలతో వేసిన మెట్ల మీదుగా ఎక్కాలి. ఎండలో అంత దూరం నడవలేక కొందరు సగంలోనే చతికిలబడేవారు.

మసేను నోటిలెక్క వేసుకున్నాడు. చుట్టుదారిలో ఒక గుంపును తిప్పేలోగా, పందిళ్ల వెనక నుంచి నేరుగా ఎక్కిస్తే మూడు గుంపుల్ని తిప్పొచ్చు. దిగేటప్పుడు పిల్లలు సరదాగా జారొచ్చు కూడా. లెక్క బాగా కుదిరింది.

మర్నాడే కొడవలి పట్టుకుని దిబ్బ ఎక్కాడు. చేపలు తిరగేస్తున్న కొర్లమ్మ తలెత్తి చూసింది.

"ఒరే, ఏటి చేస్తన్నావురా అక్కడ?"

"తీగ కాళ్లకు అడ్డం పడతందమ్మా. మనుషులు నడిచే మేరకే తీస్తన్నాను."

"దాని జోలికి పోకు. ఇసకని పట్టుకుని కూకున్నది అదేరా."

"ఇంత దిబ్బలో ఒక్క దారికి ఏటైపోద్దమ్మా? నువ్వు మరీను!"

కొర్లమ్మ ఇంకేదో అనబోయింది. అప్పటికే మసేను చేతినిండా తీగ పీకి పక్కన పడేశాడు.

అడ్డదారి అందరికీ నచ్చింది. పెద్దవాళ్లు ఆయాసం లేకుండా ఎక్కారు. పిల్లలు తాటిమట్టల మీద కూర్చుని కేకలు వేస్తూ కిందికి జారారు. ఒకరు జారితే మరొకరు పక్కనుంచి జారాలనుకున్నారు. అలా దారి వెడల్పయింది, ఆ తర్వాత లోతయింది. పక్క ఊరి ఆటోవాళ్లు కూడా తమ జనాన్ని అక్కడికే తెచ్చారు. నీళ్ల సీసాలు, చిరుతిళ్ల పొట్లాలు తీగల్లో చిక్కుకుని ఉండిపోయాయి. చూస్తుండగానే దిబ్బ నడుమ ఒక గండి పడింది.

ఎండలు ముదిరాయి. సముద్రపు గాలి జోరు పెరిగింది. ఇన్నాళ్లూ దిబ్బ మీదుగా పైపైన పోయిన గాలికి ఇప్పుడు గండి దొరికింది. అది ఇసుకను ఎత్తుకుని సూటిగా పందిళ్ల మీదికి వచ్చింది. పడవలు నిండుగా నెత్తళ్లు తెచ్చే రోజులవి. పచ్చి చేప మీద పడిన ఇసుక చేపతోపాటే ఎండి గట్టిపడింది. కొర్లమ్మ చేటలో ఎంత చెరిగినా రాలలేదు.

అయినా ఆశ చావక సంతకు వెళ్లింది. ఏటా ఆమె దగ్గరే కొనే చిన్నంనాయుడు నాలుగు చేపలు అరచేతిలో వేసుకుని నలిపాడు. చేతిని చూసుకుని నవ్వాడు.

"కొర్లమ్మక్కా, నేను చేపకోసం వచ్చాను. ఇల్లు కట్టుకుందామని ఇసక్కోసం రాలేదు."

పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. గంపలు నిండుగా వెళ్లినవి నిండుగానే తిరిగి వచ్చాయి. పొరుగింటి ఎల్లమ్మ తన గంపను మసేను ముందే దభీమని దించింది.

"నువ్వు తెరిచిన తలుపులోంచి మా ఇళ్లలోకి ఇసక వచ్చిందిరా నాయనా. ఇప్పుడు మూస్తావో, పందిళ్లు పీకేసుకోమంటావో చెప్పు!"

మసేను పార తీసుకున్నాడు. పొద్దంతా ఇసుక ఎత్తి గండిలో పోశాడు. దాని మీద టార్పాలిన్ కప్పి తాళ్లు కట్టాడు. 'పని అయిపోయింది' అనుకున్నాడు. రెండు రోజుల్లో గాలి టార్పాలిన్ చింపేసి, పోసిన ఇసుకంతా పందిళ్ల మీదే కుమ్మరించింది.

అప్పుడు వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు.

"ఏటి చెయ్యాలమ్మా?"

"తాటాకు దడి కట్టు. గాలి తెచ్చిన ఇసక దాని దగ్గర ఆగుద్ది. వానలు పడగానే తీగముక్కలు నాటు. అవి వేరు పట్టినదాకా అక్కడ ఎవర్నీ నడవనీకు."

"అంటే, ఈ ఏడు చేప?"

"ఈ ఏడు పోయినట్టే," అంది కొర్లమ్మ.

మసేను ఎల్లమ్మ వాళ్లతో కలిసి దడి కట్టాడు. ఆ వారమే ఒక పెద్ద వ్యానులో జనం వచ్చారు. వాళ్లలో పెద్దాయన దడిని చూసి ముఖం చిట్లించాడు.

"ఏం బాబూ, ఇక్కణ్ణించి నేరుగా ఎక్కొచ్చన్నారే?"

"ఇప్పుడు లేదండి. సరుగుడు తోట చుట్టూ తిరిగి మెట్ల మీద ఎక్కాలి. నేను చూపిస్తాను, రండి."

"ఈ ఎండలోనా? దడి కాస్త పక్కకు జరుపు. మేం ఒక్క గుంపే కదా, పిల్లలు ఒక్కసారి జారి దిగిపోతారు. నీకు రెట్టింపు ఇస్తాను."

ఆ ఒక్క మాటతో మసేనులో పాత లెక్క మళ్లీ తలెత్తింది. ఇంట్లో అమ్మకానికి చేప లేదు. వ్యానునిండా జనం, పైగా రెట్టింపు. దడికి కట్టిన తాడు వైపు చూశాడు. ఆ పక్కనే ఎల్లమ్మ పాడైన చేపను గంపలతో తెచ్చి కొబ్బరి మొక్కల మొదట్లో ఎరువుగా పోస్తోంది.

"మీరొక్క గుంపే అండి. మీ ముందొచ్చిన ప్రతి గుంపూ ఒక్కటే. వాళ్లందర్నీ ఎక్కించింది నేనే. అదిగో, దాని ఫలితం ఆమె పారబోస్తోంది," అన్నాడు.

"దిబ్బ నీ తాతగారిదా?" అని గద్దించాడు పెద్దాయన. "పదండర్రా, ఈ తీరంలో ఇదొక్కటే దిబ్బా!"

వ్యాను దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. ఆ రోజు మసేను ఒక్కణ్ణి కూడా ఎక్కించుకోకుండా ఇంటికి వచ్చాడు. కొర్లమ్మ ముంతలో అంబలి పోసి, ఉల్లిపాయ నలిపి ముందు పెట్టింది.

వానలు పడ్డాక తీగముక్కలు నాటారు. కొన్ని ఎండిపోతే మళ్లీ నాటారు. మసేను వచ్చినవాళ్లను మెట్ల దారిలోనే తిప్పాడు. వాళ్లు తెచ్చిన సీసాలూ పొట్లాలూ తిరిగి ఆటోలో వేసుకున్నాకే బండి కదిలించేవాడు. కొందరు విసుక్కున్నారు. కొందరు మళ్లీ రాలేదు. నడవడానికి ఇష్టపడినవాళ్లు మాత్రం తమ చుట్టాలను కూడా తీసుకుని వచ్చారు.

పై వేసవికి గండి చాలావరకు పూడింది. పందిళ్ల మీద నెత్తళ్లు తెల్లగా మెరిశాయి. గండికి ఎదురుగా ఉన్న కొర్లమ్మ చివరి పందిరి మీద మాత్రం ఇంకా ఇసుక పడుతూనే ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసి, మిగిలిన చేపతోనే ఆమె సంతకు వెళ్లింది. చిన్నంనాయుడు అరచేతిలో నలిపి చూసి, కొనడానికి సంచి తెరిచాడు.

నీతి: ఒక చోటి అందం చూడటానికి వెళ్లినవాళ్లు, అది ఎవరికి అండగా ఉందో తెలుసుకుని, ఉన్న దారిలోనే నడవాలి; 'నేనొక్కణ్ణే కదా' అని వేసే అడుగు ఎవరి కంచంలోనో ఇసుక పోస్తుంది.