ముందు నువ్వు తాగు, సూరమ్మా!

తంగేడుకోనలో మందంటే సూరమ్మదే మందు. ముళ్ళపంది సూరమ్మకు మన్ను తవ్వడం పుట్టుకతో వచ్చిన విద్య. ఏ వేరు ఏ నొప్పికి పనికొస్తుందో, ఏ ఆకు ఏ జ్వరాన్ని దింపుతుందో ఆమె ముక్కుకు తెలుసు. దానికి తోడు హస్తవాసి మంచిదని పేరు. తొలకరి పడి జ్వరాలు మొదలయ్యాయంటే ఆమె గుహ ముందు ఒకటే సందడి. ఒకరి తోక ఒకరు తొక్కుకుంటూ వరసలో నిలబడతారు.

ఆ కోనలో ఒక ఆచారం ఉంది. మందు ఎవరిస్తే వాళ్ళు ముందు ఒక గుక్క తాగాలి. అప్పుడుగానీ అది రోగి ఒంటికి ఎక్కదట. ఇది ఏ శాస్త్రంలో ఉందని నన్నడక్కండి. ఎప్పుడో ఒక జింకపిల్ల చేదుకు భయపడి నోరు తెరవకపోతే, "ఇదిగో చూడు, నేను తాగట్లా?" అని సూరమ్మ ఒక గుక్క మింగి చూపించింది. పిల్ల తాగింది. జ్వరం తగ్గింది. మందు వల్ల తగ్గిందని ఒక్కరూ అనుకోలేదు, గుక్క వల్లే తగ్గిందన్నారు. నవ్వకండి, ఈ విషయంలో మనమేమీ తక్కువ తినలేదు.

"ముందు నువ్వు తాగు సూరమ్మత్తా" అనేవాడు అడవిదున్న గున్నయ్య. మనిషి కొండంత, గుండె గురివింద గింజంత. మందు పేరెత్తితే నాలుగడుగులు వెనక్కి వేసేవాడు.

"తాగాను కదరా నాయనా."

"అది పందికి తాగావు. నాకు తాగు."

సూరమ్మ తాగేది. పొద్దున లేచిన దగ్గర్నుంచి నేలవేము కషాయం, గుక్క తరవాత గుక్క. దుంపలు తవ్వుకుని మూల పెట్టుకునేది, తినడానికి తీరికే ఉండేది కాదు. లంఖణం పరమౌషధం అంటారు గానీ, అది రోగికి చెప్పిన మాట, వైద్యురాలికి కాదు.

ఒకనాడు తాబేలు నిదానం తాత వాగు నుంచి వస్తుంటే దారిలో ఒక ముల్లు కనబడింది. నాలుగడుగులకు ఇంకొకటి, మరి కాస్త దూరంలో మూడు. ఏరుకుంటూ పోతే అవి సూరమ్మ గుహ దగ్గర తేలాయి.

"ఏమ్మా సూరమ్మా, ఒంటిమీద ముళ్ళు ఇట్లా రాలుతున్నాయేం? ఒంట్లో బాగుందా?"

"నాకేంటి తాతా, రాయిలా ఉన్నాను" అంది, పొట్ట పట్టుకునే.

తాత నమ్మలేదు. నమ్మకపోతే ఊరుకునే రకం కాదు. మూడు రోజులు కోనంతా తిరిగి రోగులనందరినీ పలకరించాడు. నీకేం జబ్బు, ఎందుకొచ్చిందనుకుంటున్నావు, సూరమ్మ నీకోసం ఎన్ని గుక్కలు తాగింది, ఇవీ ఆయన ప్రశ్నలు.

"జబ్బెందుకొచ్చిందా? బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొచ్చింది తాతా!" అంది కుందేలు తుర్రమ్మ.

"వానలో తడిసి బురదలో పడుకున్నావని విన్నానే?"

"అది వేరే సంగతి."

అడవిపంది బొడ్డయ్య అయితే విసుక్కున్నాడు. "అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. నీకెందుకయ్యా నా గుక్కల గోల? రోజుకు మూడు. చాలా?"

మూడో రోజున తాత ఒక్కో గుక్కకు ఒక్కో గురివింద గింజ చొప్పున ఆకులో పోగేశాడు. ఆ ఒక్కరోజుకే నలభై ఒకటి తేలాయి. ఆ ఆకు తెచ్చి సూరమ్మ ముందు పెడితే ఆమె కళ్ళు తిప్పేసుకుంది.

"కడుపులో ఒకటే మంట తాతా. వారమైంది ముద్ద మింగి. కానీ ఎవరితోనూ అనకు. మందిచ్చేదానికే జబ్బొచ్చిందంటే దాని హస్తవాసి పోయిందంటారు. రేపట్నుంచి ఒక్కరు రారు. జ్వరాలతో పోతారు పిచ్చివాళ్ళు!" అని ఏడ్చేసింది.

తాత మాట ఇచ్చాడు. కానీ తంగేడు పొద చాటున ఇంకో జత చెవులున్నాయి. అవి నక్క నాంచారయ్యవి.

నాంచారయ్య పుట్టి బుద్ధెరిగి సూరమ్మ గడప తొక్కలేదు. ఆమె ముందు వరసలో ఉన్నవాళ్ళని తినడానికి వీల్లేదన్న ఒక్క కట్టుబాటు చాలు అతనికి ఒళ్ళు మండడానికి. ఇప్పుడు ఈ మాట చెవిన పడేసరికి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది.

తెల్లారేసరికి సూరమ్మ లేవలేకపోయింది. గుహ ముందు జనం గుమిగూడగానే నక్క నుదుట అడ్డబొట్టు పెట్టుకుని దిగాడు.

"అయ్యలారా, అమ్మలారా! చెప్పడానికే నాకు నోరు రావట్లేదు. సూరమ్మక్క హస్తవాసి పోయింది. తనకొచ్చిన కడుపునొప్పే తగ్గించుకోలేనిది మీ జ్వరాలేం తగ్గిస్తుంది? మా బండ దగ్గరికి రండి. నా మందు చేదుండదు, తేనెలా ఉంటుంది. అక్కడే తాగి అక్కడే పడుకోవాలి. నిద్ర లేచేసరికి జబ్బుండదు!"

జబ్బు మాట దేవుడెరుగు, లేవడమంటూ ఉంటే కదా. ఎండాకాలంలో రాలిన ఇప్పపూలు నక్క రాతితొట్టిలో నానబెట్టాడు, అవి ఊరి ఊరి ఘాటెక్కి ఉన్నాయి. నాలుగు దొన్నెలు తాగితే దున్నయినా తూలాల్సిందే. ఇక కుందేళ్ళూ జింకపిల్లలూ మత్తులో ఉంటే ఒక్కొక్కళ్ళని బండ కింది బొరియ లోపలికి లాక్కుపోవడం ఎంతసేపు?

"చేదుండదట!" అన్నాడు గున్నయ్య, కళ్ళు మెరిపిస్తూ. అంతే, అందరూ బయల్దేరారు.

"ఒరే గున్నా, నన్నూ నెత్తిన పెట్టుకుపో" అన్నాడు తాత. గున్నయ్య కొమ్ముల మధ్య కూర్చుని బండ దగ్గరికి చేరేసరికి తాత ముక్కుకు ఇప్పపూల ఘాటు తగిలింది. నెత్తి మీంచే అరిచాడు.

"తాగకండర్రా! అది మందు కాదు, సారా! మిమ్మల్ని నిద్రపుచ్చి తింటాడు!"

"ఊరుకో తాతా" అంది తుర్రమ్మ. "మూడ్రోజులు ప్రశ్నలేసి చంపావు. ఇప్పుడు మందు కూడా తాగనివ్వవా?"

నిజం చెబితే వినరు. మరి ఏం చెబితే వింటారు? తాత ఒక్క నిమిషం ఆలోచించాడు. మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగినవాడికి ఎవరి బుర్రలో ఏ నమ్మకముందో తెలియదూ?

"సరే తాగండమ్మా" అన్నాడు మెత్తగా. "కానీ ఆచారం మరిచిపోయినట్టున్నారు. వైద్యుడుగారు ముందు గుక్క తాగొద్దూ?"

"అవునవును!" అని అందరూ ఒక్కసారే అన్నారు. "ముందు నువ్వు తాగు నాంచారయ్య మామా!"

నక్క మొహం పాలిపోయింది. ఈ ఆచారం సంగతి అతనికి తెలిస్తే కదా! "నేనా? నాకు జ్వరం లేదే?"

"సూరమ్మత్తకు మాత్రం ఉందా? మా కోసం తాగేది" అన్నాడు బొడ్డయ్య. "తాగనివాడి మందు మాకెక్కదు. పదండి పోదాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక్క గుక్కకేం మునిగిందిలే అనుకుని నక్క ఒక గుక్క తాగాడు.

"అదేం గుక్క మామా?" అన్నాడు గున్నయ్య. "నా ఒళ్ళెంత, ఆ గుక్కెంత? నా పాటి వాడికి దొన్నెడు పడాలి."

నక్క దొన్నెడు తాగాడు. "ఇక నువ్వు తాగు అల్లుడూ!"

మందు దగ్గరికొచ్చేసరికి గున్నయ్య మామూలుగానే నాలుగడుగులు వెనక్కి వేశాడు. "ముందు బొడ్డయ్యకి కానివ్వండి, నాకేం తొందర్లేదు."

"దున్నకు దొన్నెడు తాగి నాకు తక్కువ చేస్తే ఊరుకోను" అన్నాడు బొడ్డయ్య. ఇంకో దొన్నె పడింది. బొడ్డయ్య మూతి దగ్గర పెట్టుకుని వాసన చూసి, తుర్రమ్మ వైపు తోశాడు. "ఆడవాళ్ళు ముందు."

"మా ఇంట్లో పదకొండు మందిమి మామయ్యా" అంది తుర్రమ్మ. "అందరికీ కలిపి ఒకటి తాగేయండి."

మూడో దొన్నెతో నక్క నవ్వడం మొదలెట్టాడు. నవ్వి నవ్వి తుర్రమ్మ భుజం మీద చెయ్యేశాడు.

"ఎంత ముద్దుగా ఉన్నావే పిల్లా! అందుకే మొదట నిన్నే అనుకున్నా. తరవాత ఆ జింకపిల్ల. ఈ దున్నని మాత్రం లోపలికి లాగలేను బాబూ, నడుం పోతుంది. నువ్వే నడిచి లోపలికొస్తావా అల్లుడూ?" అని గున్నయ్యను బతిమాలుతూ అక్కడికక్కడే వెల్లకిలా పడి గురక పెట్టాడు.

తుర్రమ్మ ఒక్క గెంతులో గున్నయ్య వీపెక్కింది. బొడ్డయ్య దొన్నెలన్నీ తన్నేశాడు. అందరూ తాత వైపు తిరిగి దండాలు పెట్టబోతుంటే ఆయన ఆకుపొట్లం విప్పి గింజలు బండ మీద ఒలికించాడు.

"మూడు దొన్నెలకే వీడు పడిపోయాడు. ఇవేంటో తెలుసా? ఒక్కరోజులో సూరమ్మ మీ కోసం మింగిన గుక్కలు. నలభై ఒకటి."

"ఆమెది సారా కాదుగా తాతా" అని గొణిగాడు బొడ్డయ్య.

"సారా కాదురా, చేదు. పరగడుపున నలభై ఒక్క గుక్కల చేదు. వారమైంది తిండి తిని. హస్తవాసి పోయింది ఆమెది కాదు, బుద్ధి పోయింది మనది."

గున్నయ్య కళ్ళ నుంచి నీళ్ళు టపటపా గింజల మీద పడ్డాయి. "రోజుకు నాలుగు నావే తాతా" అన్నాడు. "ఇంక నేను మందు ఎట్లా తాగేది? గుక్క లేకపోతే ఎక్కదే?"

తాత నవ్వాడు. ఈ పిచ్చి పోయేది కాదు, దారి మళ్ళించాలి.

"ఎక్కుతుందిరా. అసలు ఆచారం వేరే ఉంది, మీరు సగమే పట్టుకున్నారు. మందు చేతికి తీసుకునే ముందు, ఇచ్చేవాళ్ళని 'తిన్నావా?' అని అడగాలి. తిన్నానంటే మందు ఎక్కుతుంది. తినలేదంటే ముందు ఆమెకు పెట్టాలి, తరవాతే మందు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు గానీ, ఆ అమ్మ తిన్నదో లేదో అడిగినవాళ్ళేరి?"

ఆ మధ్యాహ్నం సూరమ్మ కళ్ళు తెరిచేసరికి గుహ ముందు దుంపల గుట్ట. గున్నయ్య గొంతు సవరించుకుని, "తిన్నావా సూరమ్మత్తా?" అన్నాడు.

సూరమ్మకు ఆ మాట కొత్త. "లేదురా నాయనా" అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆమె తింటుంటే అందరూ చుట్టూ కూర్చున్నారు. ఆమె చెప్పిన చోట బొడ్డయ్య వేళ్ళు తవ్వాడు, గున్నయ్య గిట్టలతో ఆకు దంచాడు. వారం తిరక్కుండా ఆమె ఒంటిమీద కొత్త ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

అప్పటికి నక్క తల ఇంకా దిమ్ముగానే ఉంది. తేలు కుట్టిన దొంగలా వచ్చి వరసలో చివర నిలబడ్డాడు. తుర్రమ్మ ఎదురుగా కూర్చుని, "ఆచారం, మామయ్యా, ఆచారం!" అంది.

నాంచారయ్య నేల చూస్తూ గొణిగాడు. "తిన్నావా అక్కా?"

"కడుపునిండా తిన్నాను తమ్ముడూ. ఇదిగో, నేలవేము."

చేదు వాసన తగలగానే నక్క వెనక్కి జరిగాడు. "ముందు నువ్వు..."

"ఆ ఆచారం నీతోనే పోయింది, మామా" అన్నాడు గున్నయ్య. "తాగు."

వైద్యం చేసే చేతికి ముద్ద అందితేనే, రోగి నోటికి మందు అందుతుంది.