మీగడకి కాపలా కాసిన అత్త

చిన్న కథే, ఆవులించేలోపు అయిపోతుంది. అనగనగా ఒక ఊళ్ళో వెంకాయమ్మ అనే అత్త, నీలవేణి అనే కోడలు. ఆ ఊరికో రాజు కూడా ఉన్నాడు గానీ ఆయనతో మనకి పనిలేదు, పొద్దస్తమానం నిద్రే. నీలాగే, గౌరీ. ఊ కొడుతున్నావా?

ఎక్కడున్నాం? పెరుగు. కోడలు కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పెరుగు తోడుకోవడం మానేసింది. పాలనడిగితే కుండ మీద చెప్పాయి, కుండనడిగితే పొయ్యి మీద చెప్పింది, పొయ్యినడిగితే కోడలి మీద చెప్పింది. పక్కింటి సూరమ్మ అయితే, పిల్లతోపాటు దెయ్యం కూడా దిగిందని గోడ మీంచే తేల్చేసింది. సూరమ్మకి సొంత వంటింట్లో పిల్లి కనపడదు, పక్కింట్లో దెయ్యం కనపడుతుంది. వెంకాయమ్మ నమ్మేసి, శుక్రవారానికి పెరుగు తోడుకోకపోతే పెట్టె సర్దుకుని పుట్టింటికి పొమ్మంది.

నీలవేణి పెట్టె సర్దలేదు. వాళ్ళ నాన్న కళ్ళద్దాలకి గాజు అరగదీసే మనిషి. సారెలో అరిసెలతోపాటు ఇత్తడి సూక్ష్మదర్శిని ఒకటి పెట్టాడు. గాలికి తలుపు కొట్టుకోకుండా అత్త దాన్ని అడ్డం పెట్టుకుంది. కోడలు దాన్ని తుడిచి, ఉల్లిపొర పెట్టి చూడమంది.

"ఓసినీ, ఇటుకల గోడే! గదికో చుక్క కూడానూ!"

"అవి కణాలు అత్తయ్యా. ఉల్లిపాయంతా ఆ గదులే."

తర్వాత ఇద్దరి బుగ్గల లోపలా గీరి పెట్టింది. గోడల్లేవు, చిరిగిన అప్పడాల్లా ఉన్నాయి, మధ్యలో చుక్క మాత్రం ఉంది. ఏది అత్తదో ఏది కోడలిదో వెంకాయమ్మకి ఎంత చూసినా తెలియలేదు. కాస్త నొచ్చుకుంది కూడా.

ఆ తర్వాత, రోజూ తోడుకి తెచ్చుకునే సూరమ్మ ఇంటి పెరుగు. పూసల దండల్లా, సేమియా ముక్కల్లా, లోపల చుక్కయినా లేని బుల్లి కణాలు, తిరునాళ్ళలా కిక్కిరిసి. తమ కుండలో వెతికితే ఒకటీ అరా.

"ఇవీ ప్రాణమున్నవే అత్తయ్యా. ఉన్నవాటిలోంచే కొత్తవి పుట్టాలి, ఊరికే ఊడిపడవు. మనింట్లో అవి చచ్చిపోతున్నాయి. నేను రాకముందు తోడెలా వేసేవారు?"

ఎలా ఏముంది, పాలు దించి, సూరమ్మతో నాలుగు మాటలాడొచ్చి వేసేదాన్నంది. ఆ నాలుగు మాటలు పాలు గోరువెచ్చబడేదాకా సాగేవి. మరిప్పుడో? కోడలు మీగడ తినేస్తుందని భయం. కుండ దగ్గర్నుంచి కదలదు, దించీ దించగానే పొగలు కక్కే పాలలో తోడు వేసేస్తుంది. పాపం, బుల్లి ప్రాణులు ఉడికిపోతున్నాయి.

గురువారం సాయంత్రం పాలు దించాక, గోడ దగ్గరికెళ్ళి కబుర్లాడి రమ్మని నీలవేణి బతిమాలింది. వెంకాయమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది. ఊరందరి సంగతులూ అయ్యాయి, రాజుగారి గురకతో సహా. అప్పుడొచ్చి తోడు వేసింది.

శుక్రవారం మూత తీస్తే పెరుగు గడ్డకట్టి ఉంది, కత్తితో కోయొచ్చు. అందుకే, కబుర్లాడుకునే ఆడవాళ్ళని ఎవరూ ఏమీ అనకూడదు.

మీగడ మాత్రం లేదు. నీలవేణి తినేసింది.

వెంకాయమ్మ కుండలోకి చూసింది, కోడలి మూతికేసి చూసింది, ఇద్దరికీ పెరుగన్నంలోకి ఆవకాయ జాడీ దించింది.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.