పెద్దయ్య కొండ

మద్దిలేటికి ఒకటే దిగులు. గురువు పోతే తన గతేమిటని.

నాగలింగయ్య మంచం పట్టి చాలా రోజులైంది. మనిషి ఎండిన ఆకులా అయిపోయాడు. మాట మాత్రం స్పష్టంగానే ఉంది. కొండ కింద రెండే రెండు గుడిసెలు. ఒకదాంట్లో గురువు, ఆయనకు వండిపెట్టే కూతురు ఈరమ్మ. రెండోదాంట్లో మద్దిలేటి. ఒకప్పుడు పదిమంది శిష్యులుండేవాళ్లు. ఒక్కొక్కరే తమ బతుకులు చూసుకోవడానికి వెళ్లిపోయారు. మద్దిలేటి మాత్రం వెళ్లలేదు. వెళ్తే ఎవరిని అడగాలో అతనికి తెలియదు.

అతను అన్నీ గురువునే అడిగేవాడు. మనసు నిలవకపోతే ఏం చేయాలని అడిగేవాడు. చచ్చిపోయిన తల్లి కల్లోకొస్తే అర్థమేమిటని అడిగేవాడు. చివరికి జొన్నలు ఎప్పుడు చల్లాలన్నా ఆయన్నే అడగాలి. నాగలింగయ్య ఏనాడూ విసుక్కోలేదు. ఒక్కోసారి జవాబు చెప్పేవాడు, ఒక్కోసారి ఊరికే నవ్వేవాడు. మద్దిలేటికి ఆ నవ్వు చాలు.

ఇప్పుడా నవ్వు కూడా తగ్గిపోయింది.

కార్తీకం ముసురు పట్టింది. ఆ సాయంత్రం గురువు కాళ్లు ఒత్తుతూ మద్దిలేటి ఇక ఆపుకోలేకపోయాడు.

"అయ్యా, మీరు లేకుంటే నేనెవర్ని అడగాల?"

 నాగలింగయ్య తలుపు సందులోంచి కనిపిస్తున్న కొండ వైపు గడ్డం ఆడించాడు.

"రేపు పెద్దయ్య ఆరాధన. పైకి పొయ్యి దీపం పెట్టి రా."

పెద్దయ్య అంటే నాగలింగయ్య గురువు. ఆయన సమాధి కొండ కొమ్మున ఉంది. ఏటా ఆయన పోయిన రోజున గురుశిష్యులిద్దరూ పైకెక్కి దీపం పెట్టి వచ్చేవాళ్లు.

"నేనొక్కడినే పోవాల్నా?"

"ఇంకెవరున్నారు?" అని గురువు కళ్లు మూసుకున్నాడు.

తెల్లవారి మద్దిలేటి బయల్దేరాడు. నూనె సీసా చంకలో, వత్తులూ అగ్గిపెట్టె పంచె మడతలో. వాన ఆగింది కానీ మబ్బు కొండ నడుము దాకా దిగి ఉంది. వెనక్కి తిరిగి చూస్తే గుడిసెలు కూడా కనిపించలేదు.

ఈతపొదలు దాటేవరకు బాగానే నడిచాడు. అక్కడ నీళ్లు పారే వంక రెండుగా చీలింది. రెండు పాయల వెంబడీ బాటలాంటివి ఉన్నాయి. కుడివైపా, ఎడమవైపా? మద్దిలేటి నిలబడిపోయాడు. ఎన్నిసార్లు ఎక్కిన కొండ ఇది! ఎంత ఆలోచించినా అతనికి గుర్తొచ్చేవి గురువు మడమలే. పగుళ్లు తేలిన ఆ మడమలు ముందు నడిచేవి, తను వెనక నడిచేవాడు. తలెత్తి దారి చూసిన పాపాన పోలేదు.

కుడివైపు వెళ్లాడు. బోదగడ్డి మొలలోతు పెరిగి ఉంది. నీళ్లకు పంచె తడిసి కాళ్లకు చుట్టుకుంటోంది. కొంతదూరం పోయాక గడ్డి హఠాత్తుగా ఆగిపోయింది. ఇంకో అడుగు వేయబోయి ఆగాడు. కాలి కింద మబ్బు తప్ప ఏమీ లేదు.

 వెనక్కి తగ్గబోయాడు, బండ మీద పాచికి కాలు జారింది. బోర్లాపడి కిందికి జారుతూ ఒక తుప్పను పట్టుకున్నాడు. మోకాలి కింద తోలు లేచిపోయింది.

"అయ్యా!" అని అరిచాడు.

మబ్బు ఆ కేకను మింగేసింది. ఎక్కడా ఒక పిట్ట కూడా కూయలేదు. మళ్లీ అరిచాడు, గొంతు చీలిపోయేటట్టు. ఆ గుడిసెలో, ఆ మంచంలో ఉన్న మనిషికి ఈ కేక అందదని అతనికి తెలుసు. తెలిసీ అరిచాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత కోపమొచ్చింది. దారి తెలియదని తెలిసి కూడా పంపాడే ఈ ముసలాయన, నేను చస్తే ఏమనుకుంటాడో అనుకున్నాడు. కోపం కూడా కాసేపటికి చల్లారిపోయింది. చలి మాత్రం మిగిలింది.

తుప్ప వేళ్లతో సహా ఊడివచ్చేలా ఉంది. ఇక అలా వేలాడుతూ ఉండటానికి లేదు. మోచేతులు ఆనించి, బండకు పొట్ట అంటించి, నెమ్మదిగా పైకి పాకాడు. మళ్లీ వంక దగ్గరికి వచ్చాడు. ఈసారి వంగి చూశాడు. ఎడమపాయ పక్కన బండ ఒకచోట నునుపుగా ఉంది. మనుషుల కాళ్లు అరగదీసిన నునుపు అది. దాని పైన మరొకటి. ఒకదాన్నుంచి ఒకదాన్ని వెతుక్కుంటూ, కుంటుకుంటూ ఎక్కాడు.

మధ్యాహ్నం దాటాక కొమ్ముకు చేరాడు.

అక్కడ సమాధి లేదు.

మొదట చోటు తప్పాననుకున్నాడు. కాదు, పక్కనున్న పెద్ద రాతిగుండు అదే. దాని మీద పెద్దయ్య కూర్చునేవాడని గురువు చెప్పిన గుండు. సమాధి ఉన్నవైపు కొండ అంచు మొత్తం జారిపోయింది. పచ్చిపుండులా ఎర్రమట్టి తేలి ఉంది. ఎంతో కింద, లోయలో చెట్ల మధ్య, తెల్లగా ఒక బండ తలకిందులుగా పడి ఉంది. దీపపు గూడున్న బండ అది.

మద్దిలేటి ఆ మట్టి దగ్గర కూలబడ్డాడు. గురువు పోతే ఎవర్ని అడగాలనే ప్రశ్నను మనసులో మోసుకొచ్చాడు. దాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. ఒక గుంటలో నూనె పోసి, వత్తి వేసి, అగ్గిపుల్ల గీశాడు. తడికి వెలగలేదు. చివరికొకటి వెలిగింది, గాలి ఊదేసింది. పెట్టెలో పుల్లలన్నీ అయిపోయాయి.

మిగిలిన నూనెతోనే కిందికి దిగాడు.

ఈరమ్మ బయటే నిలబడి ఉంది. అతని కాలూ మొహమూ చూసి పరుగున వచ్చింది.

"ఏమైంది మద్దిలేటీ?"

"సమాధి లేదక్కా. కొండ జారిపోయింది. దీపం గూడా పెట్టలేకపోయినా."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆయనకు చెప్పొద్దు. బాగుండాదని చెప్పు. దీపం పెట్టినానని చెప్పు. పొద్దున్నించి ఆ తలుపు దిక్కే చూస్తాండాడు. పొయ్యే మనిషికి అంత మాత్రం అబద్ధం చెప్తే పాపం లేదులే."

మద్దిలేటి తలూపాడు. లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు.

"పొయ్యొచ్చినావా?" అన్నాడు నాగలింగయ్య.

"పొయ్యొచ్చినా అయ్యా."

"ఎట్లుంది పెద్దయ్య సమాధి?"

వాకిట్లోంచి ఈరమ్మ వింటోంది. 'బాగుంది' అనే మాట మద్దిలేటి గొంతుదాకా వచ్చింది. గురువు మీది దుప్పటి పక్కకు జారి ఉంది. ఎముకలు తేలిన ఆ భుజం మీద ఒక పెద్ద కాయ. వయసులో ఉన్నప్పుడు సమాధికి రాళ్లు మోస్తే కాచిన కాయ అది. మద్దిలేటి చూపు దాని మీద పడి ఆగిపోయింది.

"లేదయ్యా," అన్నాడు. "కొండ అంచు జారి లోయలో పడిపోయింది. దీపం గూడా నిలబడలేదు."

ఈరమ్మ గోడ వైపు తిరిగింది.

చూరు నీళ్లు కారుతున్నాయి. నాగలింగయ్య కళ్లు మూసుకున్నాడు. మూసిన కంటి నుంచి నీళ్లు జారి చెవిలోకి పోయాయి. తుడుచుకోలేదు.

"ఒక్కో రాయీ నేనే ఎత్తుకొనిపోయినా," అన్నాడు.

 మద్దిలేటికి తనే ఆయన్ను చంపేసినట్టు అనిపించింది.

చాలాసేపటికి గురువు చెయ్యి మంచం మీంచి కిందికి జారింది. తడుముకుంటూ మద్దిలేటి మోకాలు దాటి గాయాన్ని తాకి ఆగింది. నాగలింగయ్య కళ్లు తెరిచాడు. తలాపున చెంబులో తన కోసం పెట్టిన నీళ్లలో దుప్పటి కొస ముంచాడు. పక్కకు ఒత్తిగిలి, గాయానికి అంటిన మట్టిని కొంచెం కొంచెంగా తుడవసాగాడు. మద్దిలేటి కాలు లాక్కోబోయాడు. గురువు వదల్లేదు.

"యాడ పడినావు?"

"వంక మీద, బండల కాడ. దారి తప్పినా."

"పడినప్పుడు ఎవర్ని పిల్చినావు?"

"మిమ్మల్నే అయ్యా."

"పలికినానా?"

మద్దిలేటి కళ్లలో నీళ్లు తిరిగాయి. "లేదయ్యా."

నాగలింగయ్య తడిగుడ్డను మళ్లీ నీళ్లలో ముంచాడు.

"మరి ఎట్ల ఎక్కినావు?"

"వంగి చూసినా అయ్యా. మనుషుల కాళ్లు అరగదీసిన బండలు... నేనే వెతుక్కున్నా," అన్నాడు మద్దిలేటి.